ఆరో పలక

మా కొట్టుకి మొదట్లో తలుపంటే పదకొండు మద్ది పలకలు. కింద గడపకీ పైన దూలానికీ తొలిచిన గాడిలో ఒక్కో పలకా నిలబెట్టి పక్కకి జరపాలి. చివరి పలక పడ్డాక అడ్డంగా ఇనప బద్ద వేసి తాళంకప్ప బిగించాలి. వరస తప్పితే ఏదో ఒకటి మిగిలిపోయేది. అందుకని తాతయ్య ప్రతి పలక నడుమా ఉలితో తెలుగు అంకె చెక్కించాడు, ౧ నుంచి ౧౧ దాకా. నేను తెలుగు అంకెలు బళ్ళో నేర్చుకోలేదు, ఆ పలకల మీద వేలు పెట్టి దిద్ది నేర్చుకున్నాను. ఆరో పలక మీద మాత్రం ౬ ఉండదు, 6 ఉంటుంది. అది తర్వాత వచ్చిన పలక.

భద్రాచలంలో మా ఈడు వాళ్ళం వయసులు 86 వరదతో లెక్కేసుకుంటాం. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆ ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. ఆ అంకె నాకు పెద్దయ్యాకే తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా నాన్న పలకలన్నీ ఊడదీసి, ఉప్పు బస్తాల మీద వేసి, ఆ పైన బియ్యం బస్తాలు ఎక్కించడం. నేను దీపం పట్టుకున్నాను. ఎండుచేపల బుట్ట తడిసి వచ్చిన వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. తర్వాత గుడి మెట్లెక్కాం. ఎవరో అరిటాకు ముక్కలో పులిహోర పెట్టారు. ఎన్నాళ్ళు గుట్టమీద ఉన్నామో అమ్మ ఒకటి చెప్పేది, నాన్న ఒకటి చెప్పేవాడు. నాకు మాత్రం అంతా ఒకటే పొడుగాటి రాత్రిలా గుర్తు.

దిగి వచ్చేసరికి కొట్లో మోకాలెత్తు ఒండ్రు. పలకలు వీధంతా చెదిరిపోయాయి. ఒకటి పక్కింటి మునగచెట్టు కొమ్మల్లో ఇరుక్కుని ఉంది. ఒక్కొక్కటీ ఏరుకొచ్చి, కడిగి, వరసలో నిలబెడితే పదే తేలాయి. ఆరోది లేదు. నాన్న ఆ ఖాళీలోంచి వీధి కేసి చూస్తూ, "కూనవరంలోనో రాజమండ్రిలోనో ఎవరింటికో తలుపయ్యుంటుందిలే" అన్నాడు. ఆ మాటలో దిగులు లేదు. వడ్రంగిచేత కొత్త పలక కోయించి, అంకె చెక్కమన్నాడు. ఆ కుర్రాడికి తెలుగు అంకె రాదు. 6 అని చెక్కాడు.

ఆ పలకలంటే నేను సిగ్గుపడిన రోజులున్నాయి. ఖమ్మంలో డిగ్రీ చదివి వచ్చాక నాకు అవి పాత బీదతనంలా కనబడ్డాయి. అక్కడ బజార్లో కొట్లన్నిటికీ షట్టర్లు. పొద్దున్నే వరసగా దడదడా లేచేవి. మన కొట్టుకి మాత్రం పలకలా అని నాన్నతో దాదాపు ఆర్నెల్లు పోరాను. 1996లోనో, 97లోనో, ఖమ్మం నుంచి లారీలో షట్టర్ వచ్చింది. పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు. పాత పలకలు వంటచెరుక్కి ఇచ్చేద్దామన్నాను. నాన్న ఏమీ అనలేదు. తనే ఒక్కొక్కటీ మోసుకెళ్ళి మెట్ల మీది అటకెక్కించాడు. సాయం రమ్మని కూడా పిలవలేదు.

ఆ షట్టర్ మంచిదే. ఇనప పట్టీలన్నీ కలిపి వంద కేజీల దాకా ఉంటుంది, కానీ అమ్మ ఒంటి చేత్తో లేపేది. పైన పైపులో స్ప్రింగులుంటాయి. షట్టర్ కిందికి దిగుతున్నప్పుడు అవి మెలి తిరిగి బిగుసుకుంటాయి, లేపేటప్పుడు ఆ బిగువు బరువులో చాలా భాగం మోస్తుంది. మన చెయ్యి మోసేది మిగిలిన కాస్తే. ఆ సంగతి నాకు పాతికేళ్ళ తర్వాత గాని బుర్రకెక్కలేదు. అమ్మకి మాత్రం షట్టర్ ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుందని తెలుసు. బంద్ పిలుపులొచ్చే రోజుల్లో, అవి మా దిక్కు చాలానే వచ్చేవి, అమ్మ దాన్ని నడుమెత్తుకి దించి ఉంచేది. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి నడిచొచ్చిన కోయ ఆడవాళ్ళు బస్సులు లేక తిరిగిపోతూ, తలవంచి ఆ సందులోంచి వచ్చి ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కునేవాళ్ళు. వేసవైతే వాళ్ళ గంపల్లోంచి ఇప్పపువ్వు వాసన కొట్టంతా నిండేది.

2011లో నాన్న పోయాడు. కొట్టు ఇంకో మూడేళ్ళు నడిచింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్నం ఇటూ, చుట్టూ ఊళ్ళు అటూ అయ్యాయి. ఎటపాక మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరం, అది వేరే రాష్ట్రం. నాన్న పేరు చెప్పుకుని ఉప్పు కొనడానికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. అమ్మ కొట్టు మూసేసింది. వెనక రెండు గదుల్లోనూ మేడమీదా తనుండేది. ముందు కొట్టు నేను ఖమ్మం నుంచి వచ్చినప్పుడు కారు పెట్టుకునే షెడ్డయింది. మేడ మెట్లు అందులోకే దిగుతాయి. వెనక గుమ్మం ఒకటుంది గాని అది పల్లం వైపు. అంటే మా ఇంటికి వీధి గుమ్మం ఆ షట్టరే.

2019లో దానికి మోటారు పెట్టించాను. అమ్మకి డెబ్భై దాటాయి, భుజం నొప్పి అంటోంది, అదే నేను చెప్పుకున్న కారణం. అబద్ధం కాదు. కానీ కారులోంచి దిగకుండా రిమోట్ నొక్కితే షట్టర్ లేవాలన్న కోరిక నాకు అంతకంటే ముందునుంచే ఉంది. పైపు మధ్యలో బిగించే రకం, ఇంటి కరెంటు మీద నడిచేది. బిగించిన రోజు వీధిలో నిలబడి నాలుగైదు సార్లు పైకీ కిందికీ నడిపాను. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. అమ్మ కూడా "బాగుందిరా" అంది. ఒక్కటే అడిగింది: "కరెంటు పోతే?"

ఇన్వర్టర్ ఉంది కదమ్మా అన్నాను.

ఆ మోటారుకి బ్రేకు వదిలించే తీగ ఒకటుంటుంది. చివర పిడి. కరెంటు లేనప్పుడు అది లాగితే మోటారు పట్టు వదిలేస్తుంది, షట్టర్ చేత్తో లేపుకోవచ్చు. గోడవారన వేలాడుతుంటే బాగోలేదని బిగించిన కుర్రాళ్ళతో చెప్పి దాన్ని పైకి చుట్టించి కట్టేయించింది నేనే. అమ్మకి చూపించలేదు. పన్నెండేళ్ళ పిల్లాడు చేసిన పని కాదు ఇది, నలభై నాలుగేళ్ళ మనిషి చేసిన పని. ఇప్పటికీ గుచ్చుతుంది.

2022 జులైలో గోదావరి పెరుగుతోందని విని అమ్మని ఖమ్మం తీసుకుపోదామని బస్సెక్కి వచ్చాను. పన్నెండో తేదీ అనుకుంటాను. సారపాక దాటి బ్రిడ్జి మీదికి రాగానే బస్సులో మాటలు ఆగిపోయాయి. అందరం కిటికీల వైపుకి ఒరిగాం. 1965లో కట్టిన బ్రిడ్జి అది, నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నది, నీళ్ళు దాని కాళ్ళని అంత పైదాకా మింగడం పెద్దయ్యాక చూడలేదు. అమ్మ రానంది. "86కే పోలేదు, ఇప్పుడు కరకట్ట ఉంది" అంది. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మా ఊళ్ళో పసిపిల్లలు కూడా చెబుతారు. మూడోదీ దాటాక అరవై కూడా దాటింది. బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు. ఇక పోదామన్నా దారి లేదు.

నీళ్ళు కరకట్ట దాటలేదు. తూముల్లోంచి, కాలవల్లోంచి పల్లపు వీధుల్లోకి ఎగదన్నాయి. కరెంటు తీసేశారు. పదిహేనో తేదీ రాత్రి మా వెనక గుమ్మం కింద సందులోంచి నీళ్ళు రావడం మొదలైంది. చప్పుడు లేదు. నేలమీద నల్లగా ఒక నాలుక సాగుతూ వచ్చింది. టార్చి వేస్తే మెరిసింది. వెనక తలుపు మీద చెయ్యి పెడితే అవతలి నీళ్ళ బరువు తెలిసింది.

మిట్ట మీద ఉన్న మా మేనమామ గారింటికి పోదామని అమ్మ మందుల సంచీ పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. నేను గోడమీది బటన్ నొక్కాను. ఇన్వర్టర్ బ్యాటరీ రెండు రోజులుగా ఫ్యానుకీ దీపాలకీ అయిపోయి, అడుగున ఏదో మిగిలింది. మోటారు ఒక్కసారి గుర్రుమంది. షట్టర్ కదల్లేదు. మళ్ళీ నొక్కితే ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోయింది. స్టూలెక్కి, చీకట్లో తడిమి, నేనే కట్టించిన తీగ ముడి విప్పి లాగాను. టక్కుమంది. బ్రేకు వదిలింది. హమ్మయ్య అనుకుని దిగి షట్టర్ కింద రెండు చేతులూ పెట్టి లేపాను.

జానెడు లేచి ఆగింది. వదిలితే దబ్బున పడింది.

మళ్ళీ మళ్ళీ లేపాను. అమ్మ కూడా వచ్చి ఒక పక్క పట్టింది. ఒకప్పుడు ఒంటి చేత్తో లేపిన మనిషి. ఆ సందులోంచి బయటికి అరిచాను. ఎంతసేపు అరిచానో తెలీదు. పావుగంట అని నేనంటాను, అమ్మ అంతకంటే చాలా ఎక్కువంటుంది. చివరికి వీధిలోంచి టార్చి వెలుగు కనబడింది. నలుగురు వచ్చారు. ముగ్గురు మా వీధి వాళ్ళే. నాలుగో మనిషి ఎవరో ఇప్పటికీ తెలీదు. గునపాలు కింద దూర్చి ఎత్తుతున్నారు, రెండడుగులు లేస్తోంది, ఆపడానికి ఆనిక లేదు. "లోపల చెక్క ఏదన్నా ఉంటే పెట్టండన్నా" అని కేక వేశాడు ఒకడు.

అటక మీదికి ఎలా ఎక్కానో గుర్తు లేదు. చేతికందిన పలక లాగి, కిందికి జార్చి, ఎత్తిన షట్టర్ కింద నిలువునా పెట్టాను. అమ్మ ముందు, నేను వెనక, దాని పక్కనుంచి పాకుతూ బయటికి వచ్చాం. వీధిలో పిక్కలదాకా నీళ్ళు. అమ్మ టార్చి వెనక్కి తిప్పి ఆ పలక మీద వేసి చూసింది. 6.

"నాన్న పలకలైతే నేనొక్కదాన్నే తీసేదాన్నిరా" అంది. కోపంగా అనలేదు. వానలో, నా భుజం పట్టుకుని నడుస్తూ అంది. మర్నాడు 71.3 అడుగులని చెప్పారు. పల్లంలో మాకంటే పోగొట్టుకున్నవాళ్ళు వేలమంది. కూనవరం, వీఆర్‌పురం వైపు ఇళ్ళే కనబడలేదు. మాది తలుపు సంగతే. అయినా నాకు ఆ రాత్రి అంటే ఆ జానెడు సందే.

నీళ్ళు తీశాక కొత్తగూడెం నుంచి షట్టర్ మేస్త్రిని పిలిపించాను. మోటారు పీకి పారేసి కొత్తది పెట్టమందామని కోపంగా ఉన్నాను. ఆయన మోటారు వైపు చూడనే లేదు. బ్రేకు వదిలి, షట్టర్ కొంచెం లేపి, పడిపోతే మళ్ళీ లేపి, పైపు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"మోటారు తప్పు కాద్సార్. స్ప్రింగులు చచ్చి ఏడాది దాటింది. ఒకటి విరిగింది, ఒకటి సాగింది. చేత్తో లేపే షట్టరైతే బరువెక్కిన రోజే మీకు తెల్సేది. మోటారు ఏడుస్తూ ఏడుస్తూ మోసింది. మీకు తెల్వకుండా దాచింది."

ఆ మాట నన్ను చాలాసేపు పట్టుకుంది.

ఆ రాత్రి శాన్‌హోసేలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యా, ఇక్కడ దీనికోసం చట్టమే వచ్చింది" అన్నాడు. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చు రేగినప్పుడు, కరెంటు పోయి గ్యారేజ్ తలుపు తెరవలేక కొందరు ఇళ్ళలోనే చనిపోయారట. ఎక్కువమంది పెద్దవాళ్ళు. ఆ మరుసటి ఏడు చట్టం చేశారు, 2019 జులై 1 నుంచి బ్యాటరీ లేని గ్యారేజ్ మోటారు అక్కడ అమ్మకూడదు, బిగించకూడదు. పాతది చెడిపోయి మార్చుకున్నా అంతే. వాడూ ఆ ఏడాదే మార్చుకున్నాడు. నేను రిమోట్ పట్టుకుని వీధిలో నిలబడింది కూడా అదే ఏడాది. వాళ్ళది నిప్పు, మాది నీళ్ళు. కరెంటు పోతే తలుపు దగ్గర ముసలివాళ్ళు ఆగిపోవడం రెండు చోట్లా ఒకటే.

వాడు ఫోన్ చేత్తో పట్టుకుని గ్యారేజ్‌లోకి వెళ్ళి చూపించాడు. మోటారు నుంచి ఎర్రపిడి తాడు వేలాడుతోంది. అది లాగి, తలుపుని చేత్తో సగం లేపి వదిలేశాడు. ఉన్నచోటే నిలబడింది. "ఇలా ఆగితే స్ప్రింగులు బాగున్నట్టు. పడిపోతే ఎంత పెద్ద మోటారు పెట్టినా, ఎంత బ్యాటరీ పెట్టినా దండగ. బిగించినవాడు ముందు ఇదే చేశాడు, తర్వాతే మోటారు బయటికి తీశాడు" అన్నాడు. ఎనిమిదివేల మైళ్ళ అవతల వాడూ, మా షెడ్డులో ఒండ్రు వాసన మధ్య మేస్త్రీ ఒకే మాట చెప్పారు.

ఖమ్మంలో మూడు షాపులు తిరిగాను. ప్రతి చోటా ముందు రిమోటూ, తర్వాత ఫోన్‌తో తెరిచే యాపూ చూపించారు. ఎన్ని కేజీలు లాగుతుందో చెప్పారు, మూడొందలు, అయిదొందలు, ఎనిమిదొందలు. నేను కరెంటు లేనప్పుడు ఏమవుతుందని అడిగితే ఇద్దరు ఇన్వర్టర్‌కి కలుపుకోమన్నారు. ఆ సంగతి నాకు తెలిసిపోయింది. ఇంటి కరెంటు మీద నడిచే మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో మామూలుగా లాగేదానికి ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. చిన్న ఇన్వర్టర్ దానికి తట్టుకోదు. పైగా మా ఇంట్లో ఉన్నది పాతకాలపు స్క్వేర్ వేవ్ రకం. దానిమీద మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, బలం చాలదు. అసలు ఇన్వర్టర్ ఛార్జి ఎవరి కోసం ఆగుతుంది? వాన రాత్రి ఫ్యాన్లకీ దీపాలకీ ఫోన్లకీ అయిపోతుంది. తలుపుకి తన బ్యాటరీ తనకుండాలి. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు.

మూడో షాపతను 24 ఓల్టుల డీసీ మోటారు చూపించాడు. పక్క గోడకి బిగించే రకం. డబ్బాలో 12 ఓల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీలు రెండు. కరెంటున్నంతసేపూ ఛార్జి అవుతుంటాయి, పోయిన మరుక్షణం వాటి మీద నడుస్తుంది. నిండా ఉంటే పది పదిహేను సార్లు తెరిచి మూయొచ్చన్నాడు. అన్నిటికంటే నాకు నచ్చింది, మోటారు పక్కనుంచి కిందిదాకా వేలాడే గొలుసు. కరెంటూ బ్యాటరీ రెండూ పోయినా గొలుసు లాగుతుంటే షట్టర్ మెల్లగా లేస్తుంది. బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. ధర పాతదానికి దగ్గర దగ్గర రెండింతలు. బేరమాడలేదు.

అమ్మ పెట్టిన షరతు ఒకటే: "నా చేత్తో తెరుచుకోవాలి."

మేస్త్రి ముందు కొత్త స్ప్రింగులు వేశాడు. గైడ్ల తుప్పు గీకి గ్రీజు పెట్టాడు. మోటారింకా అట్టపెట్టెలోనే ఉంది. షట్టర్ నడుమెత్తుకి లేపి చేతులు తీసేశాడు. ఆగింది. "రా పెద్దమ్మా, పట్టి చూడు" అన్నాడు. అమ్మ కొంగు దోపుకుని వచ్చి, కిందిపట్టీ పట్టి లేపింది. భుజం దాకా లేచింది. అమ్మ మొహం నాకు బాగా గుర్తుంది. ఏదో పోయిన వస్తువు అటకమీద దొరికినప్పటి మొహం.

బ్యాటరీ డబ్బా ఎక్కడ పెట్టాలని అడిగితే గోడ మీది తారుగీత చూపించాను. 86లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో నాన్న గీసిన గీత. దాని పైన పెట్టమన్నాను. అంత ఎత్తయితే బ్యాటరీ మార్చడానికి నిచ్చెన కావాలి సార్ అన్నాడు మేస్త్రి. మా ఎండలకి అవి మూడేళ్ళు నిలిస్తే గొప్పని, వేడి పెరిగే కొద్దీ వాటి ఆయుష్షు తరుగుతుందని కూడా చెప్పాడు. నిచ్చెన కొన్నాను. ప్రతి నెలా ఒకటో తారీకున మెయిన్ ఆపేసి, బ్యాటరీ మీద ఒకసారి తెరిచి చూడటం అమ్మ పని. తెరిచిన రోజు గోడమీద సుద్దతో చిన్న గీత గీస్తుంది. గొలుసు కూడా నేనూ అమ్మా ఇద్దరం లాగి చూశాం, ఆమె ఆగి ఆగి లాగింది. దాన్ని ఎవరూ పైకి చుట్టి కట్టకుండా నేను చూస్తాను.

6 అంకె పలకని అటకెక్కించలేదు. షట్టర్ పక్కనే గోడకి ఆనించి ఉంది. కొసన గునపం దెబ్బకి పెచ్చు లేచింది.

2023 జులైలో మళ్ళీ మూడో హెచ్చరిక దాటింది. ఈసారి ముందే వచ్చాను, కారు బయట మిట్ట మీద పెట్టాను. సాయంత్రం కరెంటు పోయింది. వీధిలో జనం నది చూడటానికి కరకట్ట వైపు నడుస్తున్న అలికిడి వినబడుతోంది. నేను మేడమీదనుంచి, బటన్ నొక్కమ్మా, బ్యాటరీ ఉంది అని చెప్పాను. కిందనుంచి జవాబు రాలేదు. మోటారు చప్పుడూ రాలేదు. గొలుసు గలగల, తర్వాత పట్టీలు ఒక్కొక్కటిగా పైకి చుట్టుకుంటున్న చప్పుడు, మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ. నేను దిగేసరికి షట్టర్ అమ్మ తలెత్తుకి లేచి ఉంది. ఆమె అప్పటికే చెప్పులేసుకుని వీధిలో ఉంది.